దీపము ఒప్పుకోని జవాబు
(పదవ తరగతి విద్యుత్తు పాఠములోని లెక్కలపై విమర్శ)

పదవ తరగతి విద్యుత్తు పాఠము చివర ఒక చిన్న ప్రశ్న ఉన్నది. 220 వోల్టులు, 100 వాట్లు అని గుర్తు వేసిన విద్యుద్దీపమును 110 వోల్టులకు కలిపినచో అది ఎంత సామర్థ్యమును వినియోగించుకొంటుంది? ఎదుట నాలుగు జవాబులు ఉంటాయి: 100, 75, 50, 25 వాట్లు. రాజమహేంద్రవరములో ఏ ఉన్నత పాఠశాలలో అడిగినా, పాఠము చదువుకొన్న విద్యార్థి తడుముకోకుండా 25 వాట్లని గుర్తు పెడతాడు. ఉపాధ్యాయుడు మార్కు వేస్తాడు. అయితే అట్టి దీపమును నిజముగా 110 వోల్టులకు కలిపి కొలిచి చూచినచో అది 25 వాట్లు కాక, ఇంచుమించు 34 వాట్లు తీసుకొంటుంది. ఇచ్చిన నాలుగు జవాబులలో ఈ అంకె లేదు. అనగా పుస్తకము చదివినవానికి మార్కు వస్తుంది. దీపమును కొలిచినవానికి తన జవాబు వ్రాసుకొనుటకు చోటే ఉండదు.

ఈ ప్రశ్న జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి ప్రచురించిన పదవ తరగతి విజ్ఞాన శాస్త్ర గ్రంథములోనిది. ఆంధ్రప్రదేశ్ పాఠశాలలలో 2024–25 విద్యా సంవత్సరము నుండి పదవ తరగతికి ఈ గ్రంథమే ఆధారమైనది. దేశమంతటా లక్షలాది విద్యార్థులు చదివే పాఠము గనుక దీనిలోని గుణదోషములను విచారించుట అవసరము.

పాఠములోని మంచి

మొదట చెప్పవలసినది ఈ పాఠములోని మంచిని గురించి. వోల్టేజి, విద్యుత్ ప్రవాహము, నిరోధము అను మూడింటి సంబంధమును ఇది సూత్రముగా అప్పగించి ఊరుకోదు. అర మీటరు పొడవు గల నిక్రోము తీగను, నాలుగు ఘటములను, అమ్మీటరును, వోల్టు మీటరును తీసుకొని విద్యార్థి చేతనే కొలిపిస్తుంది. ఒక్కొక్క ఘటమును చేర్చుకొంటూ పోగా వోల్టేజికీ ప్రవాహమునకూ ఉన్న నిష్పత్తి ఇంచుమించు మారకుండుటను విద్యార్థి తన కంటితో చూస్తాడు. ఆ పిమ్మట ఓమ్ నియమమును చెప్పేటప్పుడు, ఉష్ణోగ్రత మారకుండా ఉన్నప్పుడే ఈ సంబంధము నిలుస్తుందను షరతును గ్రంథకర్తలు మరువలేదు. ప్రవాహము వలన పుట్టే వేడిని గురించి చెప్పే భాగములో, దీపములోని ఫిలమెంటు వెలుగునిచ్చేటంతగా వేడెక్కవలెననీ, అందుకే మిక్కిలి ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద గాని కరగని టంగ్‌స్టనును వాడుతారనీ చక్కగా వివరించినారు.

ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూచినచో లోపము తెలిసిపోతుంది. ఉష్ణోగ్రత మారరాదని ఒకచోట చెప్పినారు. దీపములోని ఫిలమెంటు తెల్లగా కాలుతుందని మరొకచోట చెప్పినారు. చివరి ప్రశ్న వచ్చేసరికి రెండింటినీ మరచిపోయినారు. 220 వోల్టుల వద్ద తెల్లగా వెలిగే ఫిలమెంటు, 110 వోల్టుల వద్ద పసుపుపచ్చగా మందముగా వెలిగే ఫిలమెంటు ఒకే ఉష్ణోగ్రతలో ఉండవు. ఉష్ణోగ్రత ఒకటి కానప్పుడు నిరోధము ఒకటని ఎట్లు అనుకొనగలము?

అంకెలలో తేడా

పుస్తకము ఆశించే లెక్క ఇది. 220 వోల్టుల వర్గమును 100 వాట్లతో భాగించగా నిరోధము 484 ఓములు. 110 వోల్టుల వర్గమును ఈ 484తో భాగించగా 25 వాట్లు. మొదటి అడుగు సరియైనదే. దీపము పూర్తి వెలుగులో ఉండగా దాని నిరోధము 484 ఓములే, ప్రవాహము 0.45 ఆంపియరు. రెండవ అడుగులోనే పొరపాటు ఉన్నది. వేడిగా ఉన్న దీపపు నిరోధమును, అంత వేడి లేని దీపము మీద మోపుచున్నారు.

టంగ్‌స్టను వంటి లోహము వేడెక్కినకొద్దీ దాని నిరోధము పెరుగుతుంది. లోహములోని పరమాణువులు తమ స్థానములలో ఉండి కంపిస్తూ ఉంటాయి. వేడి ఎక్కువైనకొద్దీ ఆ కంపనములు ఎక్కువై, వాటి నడుమ సాగిపోయే ఎలక్ట్రానులు మాటిమాటికీ దారి తప్పుతాయి. గది ఉష్ణోగ్రతలో ఉన్న టంగ్‌స్టనుతో పోల్చినచో 2,500 సెల్సియస్ డిగ్రీల వద్ద దాని నిరోధము సుమారు 14 రెట్లు. కనుక వెలుగుతున్నప్పుడు 484 ఓములుండే ఆ దీపమే చల్లగా ఉన్నప్పుడు 35 ఓముల ప్రాంతములో ఉంటుంది. మీట నొక్కిన తొలి క్షణములో ఆరు ఆంపియర్ల వరకు ప్రవాహము దూకి, సెకనులో స్వల్ప భాగము గడిచేసరికి అర ఆంపియరు లోపునకు దిగుతుంది. పాత ఫిలమెంటు దీపములు తరచుగా మీట నొక్కిన క్షణములోనే మాడిపోవుటకు ఈ దూకుడు ఒక కారణము.

110 వోల్టుల వద్ద ఫిలమెంటు వెలుగుతూనే ఉంటుంది గాని వేడి తగ్గుతుంది. అప్పుడు దాని నిరోధము 484 నుండి సుమారు 355 ఓములకు దిగుతుంది. ప్రవాహము సగము కావలసినది కాస్తా 0.31 ఆంపియరు దగ్గర నిలుస్తుంది. 110ని 0.31తో గుణించగా 34 వాట్లు. పుస్తకము చెప్పిన దానికంటె ఇది మూడవ వంతుకు పైగా ఎక్కువ. వెలుగు మాత్రము పదవ వంతునకు పడిపోతుంది. ఏలనగా చల్లారిన ఫిలమెంటు తనకు అందిన శక్తిలో ఎక్కువ భాగమును కంటికి కానరాని ఉష్ణ కిరణములుగానే వెదజల్లుతుంది.

ఇట్టి పొరపాటు ఈ ఒక్క గ్రంథములోనే కాదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ సంస్థ 2014లో వెలువరించిన పదవ తరగతి గ్రంథములోనూ ఉన్నది. అందులో 120 వోల్టులు, 60 వాట్ల దీపమునకు 240 ఓముల నిరోధము కట్టి, దానిని 12 వోల్టులకు కలిపితే 0.6 వాట్టు వినియోగమగునని చూపినారు. వోల్టేజి పదవ వంతునకు దిగినప్పుడు ఫిలమెంటు ఎర్రగా కమిలిన స్థితిలో మాత్రమే ఉంటుంది. నిరోధము 90 ఓముల లోపునకు పోతుంది. వినియోగము ఒకటిన్నర వాట్టుకు పైగా ఉంటుంది. చెప్పినదానికి ఇది రెండున్నర రెట్లు. పైగా 120 వోల్టుల దీపము మన ఇండ్లలోని 230 వోల్టులకు సరిపడదు. ఏ తెలుగు విద్యార్థి ఇంటిలోనూ కనిపించదు. అయితే ఆ గ్రంథమే ఇనుప చువ్వకు, ఎల్.ఇ.డి.కి విడివిడిగా వోల్టేజి–ప్రవాహ నిష్పత్తులను కొలిపించి, రెండవదానిలో నిష్పత్తి నిలవదని చూపినది. అంత మంచి ప్రయోగము చేయించిన చేతితోనే ఈ దీపపు లెక్క వ్రాయుట విచారకరము.

నిర్వచనము వేరు, నియమము వేరు

ఈ పొరపాటుకు మూలము ఒకటున్నది. వోల్టేజిని ప్రవాహముతో భాగించగా వచ్చేది నిరోధము. ఇది నిర్వచనము. ఏ వస్తువుకైనా, ఏ క్షణములోనైనా ఈ భాగహారము చేయవచ్చు. ఇట్లే వోల్టేజిని ప్రవాహముతో గుణించగా ఆ క్షణపు సామర్థ్యము వస్తుంది. కొలిచిన రెండు అంకెలు సరియైనవైతే ఈ రెండు ఫలితములూ తప్పవు.

వోల్టేజి మారినా ఆ భాగఫలము మారదని చెప్పేది ఓమ్ నియమము. ఇది నిర్వచనము కాదు. ప్రకృతిని గురించిన ఒక వాక్యము. కొన్ని వస్తువులు దానికి లోబడుతాయి, కొన్ని లోబడవు. లోబడునో లేదో కొలిచి తెలుసుకొనవలసినదే గాని సూత్రమును చూచి చెప్పుటకు వీలులేదు. పరీక్షలలో ఈ రెండింటికీ ఒకే సూత్రము వ్రాస్తారు గనుక, విద్యార్థి మనస్సులో రెండూ ఒకటైపోతాయి. ఆపైన ఒకచోట కట్టిన నిరోధమును ఎక్కడికైనా మోసుకుపోవచ్చునను నమ్మకము ఏర్పడుతుంది.

ఈ నియమమును కనుగొన్న జార్జి సైమన్ ఓమ్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడే. 1789లో జర్మనీలోని ఎర్లాంగెనులో పుట్టి, కొలోన్ నగరములో గణితమును, భౌతిక శాస్త్రమును బోధించినాడు. ఆయన మొదట వోల్టా ఘటములతో ప్రయోగము చేయగా అవి నిలకడగా పనిచేయక ఫలితములు చెదరిపోయినవి. అప్పుడు పోగ్గెన్‌డార్ఫ్ అను శాస్త్రజ్ఞుని సలహాపై బిస్మతు, రాగి అతుకులతో చేసిన ఉష్ణవిద్యుత్ జంటను తీసుకొన్నాడు. ఒక అతుకును కరుగుచున్న మంచులోను, మరొక అతుకును మరుగుచున్న నీటిలోను ఉంచినాడు. మంచు కరిగే వేడి, నీరు మరిగే వేడి మారవు గనుక ఆయనకు చెదరని వోల్టేజి దొరికినది. 1826లో ఆ ఫలితములను ప్రకటించి, 1827లో గ్రంథముగా వెలువరించినాడు. లండను రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకముతో ఆయనను గౌరవించినది. పరిస్థితులను మారనీయకుండా ఉంచుటకు ఇంత శ్రమపడిన వాని పేరు చెప్పి, ఉష్ణోగ్రత వేల డిగ్రీలు మారే దీపముపై లెక్క వేయించుట న్యాయము కాదు.

ఇస్త్రీపెట్టె ఉండగా

ఈ ప్రశ్నను పూర్తిగా తీసివేయనక్కర లేదు. దీపమునకు బదులు నీళ్లు కాచుకొనే హీటరును పెట్టినచో అదే లెక్క సరిపోతుంది. 230 వోల్టులు, 1,000 వాట్ల హీటరును తీసుకొందాము. 230 వర్గమును 1,000తో భాగించగా నిరోధము 52.9 ఓములు, ప్రవాహము 4.35 ఆంపియర్లు. దీనిని 115 వోల్టులకు కలిపితే వినియోగము 250 వాట్లు, అనగా సరిగా నాలుగవ వంతు. హీటరులోను, ఇస్త్రీపెట్టెలోను ఉండే నిక్రోము తీగ గుణము వేరు. వేడెక్కినా దాని నిరోధము నూటికి కొద్ది పాళ్లు మాత్రమే మారుతుంది. కనుక ఇక్కడ 250 అని వ్రాసినవాడు నిజమునకు మిక్కిలి దగ్గరగా ఉంటాడు. 750 వాట్ల ఇస్త్రీపెట్టె అయినా ఇంతే: నిరోధము 70.5 ఓములు, సగము వోల్టేజి వద్ద సుమారు 188 వాట్లు.

లేదా దీపమునే ఉంచి, నిరోధము మారదని అనుకొనుము అని ఒక్క మాట చేర్చినా సరిపోతుంది. లెక్కల సౌకర్యము కొరకు వాస్తవమును సరళము చేయుట శాస్త్రములో తప్పు కాదు. ప్రతి శాస్త్రజ్ఞుడూ చేసే పనియే. సరళము చేసిన సంగతిని దాచుట మాత్రము తప్పు. పదవ తరగతి పిల్లలకు ఇంత సూక్ష్మము అవసరమా అని కొందరు అడుగవచ్చు. దీపము ఆర్పినప్పుడూ వెలిగించినప్పుడూ ఒకే విధముగా ఉండదనుట సూక్ష్మము కాదు. పదేండ్ల పిల్లవానికి కూడా తెలిసిన సంగతియే.

తరగతిలో చేయదగిన కొలత

ఇంటి దీపములలో ఫిలమెంటువి నేడు అరుదైనవి. 2015 జనవరి 5న కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ఉజాలా పథకముతో ఎల్.ఇ.డి. దీపములు ఊరూరా వ్యాపించినవి. అయితే మోటారు వాహనముల దుకాణములో 12 వోల్టులు, 21 వాట్ల ఫిలమెంటు దీపము ఇప్పటికీ సులభముగా దొరుకుతుంది. ఒక వాహనపు బ్యాటరీ, ఒక అమ్మీటరు, ఒక వోల్టు మీటరు, ప్రవాహమును తగ్గించుటకు ఒక రియోస్టాటు ఉన్నచో ప్రయోగము చేయవచ్చును. 230 వోల్టుల జోలికి విద్యార్థులను పోనీయరాదు.

దీపపు రెండు కొనల మధ్యనే వోల్టు మీటరు ఉండవలెను. బ్యాటరీ కొనల మధ్య కాదు. ఇంచుమించు వచ్చే ఫలితములు ఇవి. 12 వోల్టుల వద్ద 1.75 ఆంపియర్లు, కనుక నిరోధము 6.9 ఓములు, సామర్థ్యము 21 వాట్లు. 6 వోల్టుల వద్ద 1.2 ఆంపియర్లు, నిరోధము 5 ఓములు, సామర్థ్యము 7.2 వాట్లు. 3 వోల్టుల వద్ద 0.82 ఆంపియరు, నిరోధము 3.7 ఓములు, సామర్థ్యము 2.5 వాట్లు. పుస్తక పద్ధతిలో 6 వోల్టులకు 5.25 వాట్లు, 3 వోల్టులకు 1.3 వాట్లు మాత్రమే రావలెను. చల్లని దీపపు నిరోధము అర ఓము ప్రాంతములో ఉంటుంది. దానిని మల్టీమీటరుతో కొలిచేటప్పుడు మీటరు తీగల నిరోధము కూడా అంతే ఉండవచ్చు గనుక, ముందుగా తీగల కొనలను తాకించి ఆ అంకెను తీసివేయవలెను. ఈ అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించినచో నిక్రోము తీగకు సరళరేఖ, దీపమునకు వంగిన రేఖ వస్తాయి. రెండు గ్రాఫులను ఒకే కాగితముపై గీయించిన ఉపాధ్యాయునికి ఓమ్ నియమపు షరతును వేరుగా వివరించవలసిన పని ఉండదు.

కడియములో మోటారు

పాఠమును దాటి బయటికి వచ్చినచో ఈ లోపము మరింత నష్టము చేస్తుంది. రాజమహేంద్రవరమునకు దగ్గరలోని కడియము, కడియపులంక నర్సరీలకు పేరుపడినవి. అక్కడ మొక్కలకు నీరు పెట్టుటకును, రాజానగరము, కోరుకొండ వైపు మెట్టలో బోరుల నుండి నీరు తోడుటకును మోటార్లు వాడుతారు. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు పలకపై 415 వోల్టులు, సుమారు 7.5 ఆంపియర్లు అని ఉంటుంది. 5 అశ్వశక్తులంటే 3,730 వాట్లు.

పాఠము చదివిన విద్యార్థి 415ను 7.5తో గుణిస్తాడు. 3,112 వాట్లు వస్తుంది. మోటారు తీసుకొన్నదానికంటె చేసిన పనియే ఎక్కువని తేలుతుంది! మూడు ఫేజులకు 1.732తో గుణించవలెనని ఎవరైనా చెప్పినచో 5,391 వస్తుంది. అదీ వాట్లు కాదు. ఏకాంతర విద్యుత్తులో వోల్టేజి, ప్రవాహము ఒకేసారి శిఖరమునకు చేరవు. మోటారులో ప్రవాహము వెనుకబడుతుంది. ఆ వెనుకబాటును పవర్ ఫ్యాక్టరు అను అంకెతో సవరించవలెను. అది 0.83 అయినచో మోటారు తీసుకొనే సామర్థ్యము సుమారు 4,475 వాట్లు. అందులో 3,730 వాట్లు పనిగా మారి, మిగిలినది వేడి, రాపిడి రూపములలో పోతుంది. ఇప్పుడు లెక్క కుదిరినది.

ఇక మోటారుకు వోల్టేజిని ప్రవాహముతో భాగించి నిరోధమని వ్రాయుట అర్థము లేని పని. చుట్టలోని రాగి తీగ నిరోధము కొద్ది ఓములే. తిరుగుచున్న మోటారులో ప్రవాహమును ముఖ్యముగా అదుపు చేసేది ఆ తీగ నిరోధము కాదు. మోటారులో పుట్టే ఎదురు వోల్టేజి. మోటారు బిగుసుకుపోయి ఆగినచో ఆ ఎదురు వోల్టేజి పోయి, ప్రవాహము ఆరు రెట్ల వరకు పెరిగి, చుట్ట కాలిపోతుంది.

ఇక్కడ తెలుగు వాడుక కూడా ఒక చిక్కు తెస్తున్నది. వోల్టేజి తగ్గినప్పుడు జనము “కరెంటు తక్కువగా వస్తోంది” అంటారు. ఆ మాటను శాస్త్రార్థములో తీసుకొన్న విద్యార్థి, మోటారులో ప్రవాహము తగ్గినది గనుక ప్రమాదము లేదని అనుకొంటాడు. జరిగేది దీనికి విరుద్ధము. తోడవలసిన నీరు తోడవలసినదే గనుక, వోల్టేజి నూటికి పది తగ్గినచో మోటారు ఇంచుమించు నూటికి పది ఎక్కువ ప్రవాహమును లాగుతుంది. చుట్టలో పుట్టే వేడి ప్రవాహపు వర్గమును అనుసరిస్తుంది గనుక అది నూటికి ఇరవైకి పైగా పెరుగుతుంది. లైను చివరి పొలములలో మోటార్లు మాడుటకు ఇది ఒక ముఖ్య కారణము. నిరోధము మారదను నమ్మకముతో లెక్క వేసినవాడు వోల్టేజి తగ్గితే వేడి తగ్గుతుందని జవాబు చెబుతాడు. ఆ జవాబుకు పరీక్షలో మార్కు పోవచ్చు, పోకపోవచ్చు. పొలములో మాత్రము మోటారు పోతుంది.

ఎల్.ఇ.డి. దీపము సంగతి కూడా ఇట్టిదే. మంచి రకపు 9 వాట్ల దీపములో ఉండే చిన్న యంత్రాంగము, వోల్టేజి తగ్గినా వెలుగు తగ్గకుండా ప్రవాహమును పెంచుకొంటుంది. దానికి భాగహారము చేయగా వచ్చే వేల ఓములు ఏ తీగ నిరోధమూ కాదు.

మూడు సూత్రములు, ఒక సందేహము

సామర్థ్యమునకు పుస్తకము మూడు సూత్రములను వరుసగా ఇస్తుంది: వోల్టేజి–ప్రవాహముల లబ్ధము, ప్రవాహ వర్గము, నిరోధముల లబ్ధము, వోల్టేజి వర్గమును నిరోధముతో భాగించగా వచ్చినది. ఏ సూత్రములోని వోల్టేజి ఏ రెండు చోట్ల మధ్య కొలిచినదో చెప్పకపోవుటచే మరొక చిక్కు పుడుతుంది.

చింతూరు అడవులలోని పొల్లూరు వద్ద దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రములో 1970లలో నెలకొల్పిన నాలుగు యూనిట్లు ఒక్కొక్కటి 115 మెగావాట్లవి. అక్కడి విద్యుత్తు 220 కిలోవోల్టుల లైన్లపై బయలుదేరుతుంది. రాజమహేంద్రవరపు అంచున బొమ్మూరులోనూ 220 కిలోవోల్టుల సబ్‌స్టేషను ఉన్నది. ఇంత ఎక్కువ వోల్టేజి ఎందుకని అడిగితే నష్టము తగ్గించుటకని ఉపాధ్యాయుడు చెబుతాడు. తెలివైన విద్యార్థి లేచి, మూడవ సూత్రము ప్రకారము వోల్టేజి పెరిగితే నష్టము పెరగవలెను గదా అని అడుగుతాడు. చాలా తరగతులలో ఈ ప్రశ్నకు సమాధానము రాదు.

ఒక యూనిటు 115 మెగావాట్లను 220 కిలోవోల్టుల వద్ద పంపుటకు ఒక్కొక్క తీగలో సుమారు 302 ఆంపియర్లు చాలు. లెక్క కొరకు తీగ నిరోధము 10 ఓములనుకొందాము. ప్రవాహ వర్గముతో కట్టినచో ఒక్కొక్క తీగలో నష్టము 0.91 మెగావాట్టు, మూడు తీగలకు కలిపి 2.7 మెగావాట్లు. విద్యార్థి 220 కిలోవోల్టుల వర్గమును 10తో భాగించినచో 4,840 మెగావాట్లు వస్తుంది. అది నాలుగు యూనిట్ల మొత్తమునకు పది రెట్లు! తప్పు సూత్రములో లేదు. 220 కిలోవోల్టులు రెండు తీగల మధ్య వోల్టేజి. ఒకే తీగ రెండు కొనల మధ్య తేడా 302ను 10తో గుణించగా వచ్చే 3,020 వోల్టులు మాత్రమే. దీని వర్గమును 10తో భాగించి చూచినచో మరల 0.91 మెగావాట్టే వస్తుంది. వోల్టేజి 11 కిలోవోల్టులే అయినచో ప్రవాహము ఇరువది రెట్లు, నష్టము నాలుగు వందల రెట్లు కావలెను. అనగా ఒక్క తీగలోనే 365 మెగావాట్లు పోవలెను. పంపదలచినది 115 మాత్రమే. ఆ తీగలపై ఆ విద్యుత్తును పంపుటయే అసాధ్యమన్నమాట.

చేయవలసినది

ఈ విమర్శ వలన తేలేది కొద్ది మార్పులే. దీపపు ప్రశ్నలో దీపమునకు బదులు హీటరును పెట్టవలెను. లేదా నిరోధము మారదని అనుకొన్నట్లు చెప్పవలెను. నిర్వచనమును, నియమమును వేరు వేరు పేరాలలో చెప్పవలెను. సామర్థ్యపు సూత్రములలో ప్రతి వోల్టేజి పక్కన అది ఏ రెండు కొనల మధ్యదో వ్రాయవలెను. గృహవిద్యుత్తు ఏకాంతర విద్యుత్తు గనుక, మోటార్ల విషయములో వోల్టేజి–ప్రవాహముల లబ్ధము వాట్లు కాకపోవచ్చునని ఒక వాక్యమైనా ఉండవలెను. ఇవన్నీ కలిపి ఒక పుట మించవు.

పుస్తకము మారునంత వరకు ఉపాధ్యాయుడు చేయగలిగినది ఉన్నది. 25 వాట్లని వ్రాసిన విద్యార్థికి మార్కు వేసి, పిమ్మట 21 వాట్ల వాహన దీపమును బల్లపై పెట్టి కొలిపించవచ్చు. జవాబుకూ కొలతకూ తేడా ఎందుకు వచ్చినదని అడుగవచ్చు. ఆ ఒక్క ప్రశ్నతో నిరోధము, ఉష్ణోగ్రత, సామర్థ్యము మూడూ ఒకే పాఠమవుతాయి.

రాజమహేంద్రవరములో తెలుగు పండితుడుగా పనిచేసిన కందుకూరి వీరేశలింగము జ్యోతిశ్శాస్త్రమును, శరీర శాస్త్రమును తెలుగున చెప్పుటకు గ్రంథములు వ్రాసినారు. శాస్త్రమును తల్లిభాషలో చెప్పుట ఈ ఊరికి కొత్త కాదు. చెప్పిన మాట వస్తువుతో సరిపోవునట్లు చూచుకొనుట ఇప్పటి గ్రంథకర్తల, ఉపాధ్యాయుల బాధ్యత. తరువాతి ముద్రణలోనైనా ఆ నాలుగు జవాబుల ప్రశ్న దీపము కూడా ఒప్పుకొనే విధముగా సవరింపబడవలెను.